ఇత్సుమి నోటి దగ్గర అట్టముక్క

చీటీలు తీసే రోజున నాకు మోకాలు నొప్పి రాకుండా ఉంటే ఈ గొడవే లేదు. నేను వెళ్ళి ఉంటే నోరున్న పిల్లను తెచ్చుకునేదాన్ని. నా బదులు మా ఆయన వెళ్ళాడు. తనలాంటి పిల్లనే చంకన పెట్టుకుని వచ్చాడు.

సంగతేమిటంటే, మా రేవు ఊరిని చూసి గీసిన బొమ్మల సీరియల్ ఒకటి టీవీలో వచ్చింది. పేరు 'పోటుకెదురు'. అయిదుగురు ఆడపిల్లలు బళ్ళో పడవ పందేల జట్టు కడతారు, అదీ కథ. సీరియల్ మీద మోజు పడ్డవాళ్ళు ఊరు చూడడానికి రైళ్ళెక్కి రావడం మొదలుపెట్టారు. దాంతో మా బజారు సంఘం వాళ్ళు ఆ అయిదుగురివీ నిలువెత్తు అట్టబొమ్మలు తెప్పించి, ఏ బొమ్మ ఏ కొట్టు ముందు నిలబడాలో చీటీలు వేశారు. ఎదురుగా కొరొక్కెలనే బంగాళాదుంప వడలు వేయించి అమ్మే హరుయొకి హొనమి వచ్చింది. పడవ చివర కూచుని, అందరూ ఒక్కసారి తెడ్డు వెయ్యడానికి లెక్క అరిచే పిల్ల అది. మా ఎండుచేపల కొట్టుకి ఇత్సుమి వచ్చింది.

మా ఆయన తొకుజి ఆ బొమ్మను పాత దుప్పట్లో చుట్టి తెచ్చి గుమ్మం పక్కన నిలబెట్టాడు. పొట్టి జుట్టు, వంచిన తల, చేతిలో తెడ్డు. ఈ పిల్ల ఏం చేస్తుందండీ అని అడిగాను. ఆయన బాగా ఆలోచించాడు.

"తెడ్డు వేస్తుంది," అన్నాడు.

ఆ రోజుకి మా ఇంట్లో జరిగిన మాటలు అంతే. బెల్లం కొట్టిన రాయి అంటారే, నేను అలాంటి దానితో కాపురం చేస్తున్నాను. వెనక పెరట్లో ఆయన చేపలు చీల్చి, ఉప్పునీళ్ళలో నానేసి, వల చట్రాల మీద ఆరబెడతాడు. ముందు కొట్లో నేను అమ్ముతాను. పెరడు ఆయన రాజ్యం, కొట్టు నాది. నేను అరిస్తేనే చేపలు కదులుతాయి, నేను నవ్విస్తేనే జనం సంచీ తెరుస్తారు. ఒక ఏడు అలా అరిచీ అరిచీ గొంతులో కాయ లేచింది. ఆపరేషన్ చేసి, పూర్తిగా మానేదాకా ఒక్క మాట కూడా మాట్లాడకూడదన్నాడు డాక్టరు. నన్ను. ఆ రోజుల్లో బజారంతా వచ్చి పలకరించింది. నేను నోరు తెరవబోయి, మూసుకుని, ఏడ్చేదాన్ని. మా ఆయన మాత్రం సాయంత్రమయ్యేసరికి నా పక్కన కూచుని తునికిపళ్ళలాంటి తియ్యటి ఖాకీపళ్ళు చెక్కు తీసి ముక్కలు కోసి పెట్టేవాడు. ఎలా ఉంది అని ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి కూడా అడగలేదు. అది నా మనసులో ముల్లులా ఉండిపోయింది. ఇప్పటికీ తీయలేదు.

సరే, ఇంటికొచ్చిన పిల్ల కదా అని సీరియల్ చూశాను. మిగతా నలుగురూ నవ్వుతారు, కొట్టుకుంటారు, కేకలు పెడతారు. ఇత్సుమి పడవ ముందు కొసన కూచుంటుంది. చలిగాలీ నీటి తుంపర్లూ మొదట తగిలేది అక్కడే. ఎవరైనా తిడితే తల వంచుకుంటుంది, పొగిడితే ఇంకా వంచుకుంటుంది. అందరూ వెళ్ళిపోయాక తెడ్లు తుడుస్తుంది. ఇందులో ఏముందని జనం చొక్కా చించుకుంటున్నారో నాకు అర్థం కాలేదు. మా ఆయన అయితే ఒక భాగాన్ని వెనక్కి తిప్పి తిప్పి చూశాడు. అందులో హొనమికి పందెం ముందు గొంతు పోతుంది. తర్వాత ఏమైందో నేను చూడలేదు, బేరాలొచ్చాయి.

అక్కణ్ణించి ఆ అట్టకి జరిగిన సేవ నాకు జరిగి ఉంటే నేను ఇంకా పడుచుదానిలా ఉండేదాన్ని. రోజూ పొడిగుడ్డతో ఉప్పుగాలి తుడవడం, ఎండ పడకుండా జరపడం. చినుకు పడితే ముందు ఆ పిల్ల లోపలికి, తర్వాత చేపలు, ఆ తర్వాత నేను.

ఇంక ఇత్సుమి అభిమానుల సంగతి చెప్పాలి. హరుయొ కొట్టు దగ్గర తిరనాళ్ళలా ఉండేది. హొనమి లెక్క అరిచినట్టే అందరూ కలిసి అరవడం, కొరొక్కెలు ఊదుకుంటూ తినడం, హరుయొతో ఫొటోలు. నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఒక్కొక్కళ్ళుగా వచ్చేవాళ్ళు. బొమ్మకి వంగి దణ్ణం పెట్టి, దూరంగా నిలబడి చూసి, ఫొటో తీసుకోవచ్చా అన్నట్టు కెమెరా కొంచెం ఎత్తి చూపి, ఎండు కానాగంత చేపల పొట్లం ఒకటి కొనుక్కుని, నాకూ దణ్ణం పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. ఏ ఊరమ్మా అని అడిగితే, దూరం అనేవాళ్ళు. ఏం పని చేస్తావు నాయనా అంటే, కంపెనీలో అనేవాళ్ళు. వాళ్ళతో మాట్లాడడం అంటే చేప గొంతులో ఇరుక్కున్న గాలం తీసినట్టే.

నాకు తల ప్రాణం తోకకొచ్చింది. అందుకని ఓ రోజు పెద్ద తెల్ల అట్టముక్క తీసుకుని, బొమ్మల పుస్తకాల్లో మాటలు రాసే బుడగలా కత్తిరించి, లావు అక్షరాలతో రాశాను: 'రండి రండి! మా ఎండుచేపలు రుచి చూశారా? నేనైతే రోజూ తింటాను! రెండు పొట్లాలు కొనకపోతే అలుగుతాను!' దాన్ని ఇత్సుమి నోటి దగ్గర తగిలించాను. బాగుందా అని మా ఆయన్ని అడిగాను. ఆయన దాన్ని చదివి, నోరు తెరిచి, మూసుకుని, చేపల దగ్గరికి పోయాడు. బాగుందన్నమాట అనుకున్నాను. ఆయన బాలేదనుకున్నా అదే మొహం పెడతాడని నాకు తెలుసు, కానీ రోజూ ఎవరు అంత ఆలోచిస్తారు?

తర్వాత ఏమైంది? జనం పలచబడ్డారు. వచ్చినవాళ్ళు ఆ అట్టముక్క చదివేవాళ్ళు, ఒక్క పొట్లం కొనేవాళ్ళు, దణ్ణం పెట్టి పోయేవాళ్ళు. ఇంకొన్ని వారాలకి వాళ్ళూ లేరు. నేను ఈగలు తోలుకుంటూ ఎదురుగా హరుయొ నూనె మూకుడు చప్పుడు వినేదాన్ని.

అలాంటప్పుడు సంఘం పెద్ద, బియ్యం కొట్టు కుమెద గారు వచ్చారు. సీరియల్ రెండో విడత మొదలవుతోందట, జట్టులోకి గలగలా మాట్లాడే కొత్తపిల్ల వస్తోందట, బొమ్మ పంపుతారట. మీకేమైనా కావాలా అన్నారు. ఆ కొత్తపిల్లని నాకిచ్చి దీన్ని పట్టుకుపొండి మహాప్రభో అన్నాను. అలాగైతే ఆదివారం మీటింగులో అడుగుతాను, ఎవరూ కాదనకపోతే ఇత్సుమిని సంఘం గోదాములో పెట్టించేస్తాను అన్నారు.

అన్నం దగ్గర మా ఆయనతో ఈ మాట చెప్పాను. ఆయన చేతిలో అన్నం తినే పుల్లలు ఆగాయి.

"అలాగా," అన్నాడు.

అంతే. మర్నాడు చేపల్లో ఉప్పు ఎక్కువైంది. పెళ్ళయినప్పటినుంచీ ఆయన ఉప్పు తప్పడం నేను చూడలేదు. ఒంట్లో బాలేదా అంటే బానే ఉంది. కోపమా అంటే కాదు. మరి ఏమిటంటే ఏమీ లేదు. గోడకైనా చెవులుంటాయంటారు, ఈ మనిషికి ఏమున్నాయో నాకు తెలియదు.

ఆదివారం పొద్దున్నే ఒకావిడ పొట్లం వెనక్కి తెచ్చి, ఇది తిన్నాక బకెట్టుడు నీళ్ళు తాగామమ్మా అంది. నా ఒళ్ళు మండిపోయింది. ఆ చేప చేత్తో పట్టుకుని, నొప్పి మోకాలు ఈడ్చుకుంటూ పెరట్లోకి వెళ్ళాను, ఈయన సంగతి ఇవాళ తేల్చేద్దామని.

పెరట్లో ఉన్నది ఆయన ఒక్కడే కాదు. బోర్లించిన చేపల పెట్టెల మీద నలుగురైదుగురు కూచుని ఉన్నారు. ఇత్సుమి అభిమానులు. కంపెనీలో పనిచేసే ఆ అబ్బాయి, దూరం నుంచి వచ్చే ఒనుకి అనే అమ్మాయి, ఇంకెవరో. చీల్చిన చేపల్ని ఒక్కొక్కటే చట్రాల మీద పరుస్తున్నారు. మా ఆయన మధ్యలో కూచుని కత్తి ఆడిస్తున్నాడు. ఎవరూ ఒక్క ముక్క మాట్లాడడం లేదు. ఎవరి పక్కన వాళ్ళ టీ కప్పు. సముద్రం వైపు దారి నుంచి వచ్చి వెళ్తున్నారన్నమాట, ఇన్నాళ్ళ నుంచీ. ముందు నేను ఈగలు తోలుతుంటే వెనక వీళ్ళు సత్సంగం పెట్టుకున్నారు.

నన్ను చూసి అందరూ లేచి వంగి దణ్ణం పెట్టారు. దణ్ణాలకేం తక్కువ లేదు. ముందు గుమ్మం ఏం పాపం చేసింది, అటు ఎందుకు రారు అని అడిగాను. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. నేను వదల్లేదు. చివరికి ఒనుకి నేలవైపు చూస్తూ అంది:

"ఇత్సుమి అలా అనదు పిన్నిగారూ. ఆ అట్టమీద ఉన్నట్టు."

"ఆ ముక్క నాకు చెప్పొచ్చుగా. ఒక్క నిమిషంలో పీకేసేదాన్ని."

"మీరు ఎంతో ఇష్టంగా రాసుకున్నారు కదా," అంది.

ఏమనాలి ఇలాంటివాళ్ళని? నన్ను నొప్పించకూడదని నా వ్యాపారం ముంచారు. మా ఆయన వైపు తిరిగాను. ఆ పిల్ల మీకు కావాలా అక్కర్లేదా అని అడిగాను. ఆయన కత్తి తుడిచాడు. మళ్ళీ తుడిచాడు.

"కావాలి," అన్నాడు.

అయితే మధ్యాహ్నం మీటింగులో ఆ మాట మీ నోటితో అనండి అన్నాను. పెళ్ళయినప్పటినుంచీ డాక్టరు దగ్గరా, కరెంటు వాళ్ళ దగ్గరా, మీ అన్నగారి దగ్గరా మీ బదులు నేనే మాట్లాడాను, ఈ ఒక్కదానికీ మాట్లాడను, మీరు ఊరుకుంటే ఇత్సుమి గోదాముకి పోతుంది అని చెప్పేశాను. మా సంఘంలో ఊరుకోవడం అంటే ఒప్పుకోవడమే. ఏ పనైనా కుమెద గారు చదువుతారు, అభ్యంతరాలు లేవుగా అంటారు, ఎవరూ పలక్కపోతే అయిపోయినట్టే. ఈ పద్ధతి మా ఆయనకి ప్రాణం. ఒక్కసారి కూడా నోరు విప్పకుండా అన్ని మీటింగులూ గడిపేశాడు.

మధ్యాహ్నం సంఘం గదిలో చాపల మీద అందరం కూచున్నాం. దీపాల తోరణాల సంగతి అయిపోయింది, చెత్త బళ్ళ సంగతి అయిపోయింది. కుమెద గారు మా సంగతికొచ్చారు. ఇసొగయ వారి, అంటే మా కొట్టు ముందున్న ఇత్సుమి బొమ్మ గోదాముకి, కొత్తబొమ్మ అక్కడికి, అభ్యంతరాలు లేవుగా అన్నారు.

మా ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూచున్నాడు. నా నాలుక చివరిదాకా మాటొచ్చింది. పెదవి కొరుక్కున్నాను. గొంతు ఆపరేషనప్పుడు కూడా అంత కష్టపడలేదు. కుమెద గారు కాగితం తిప్పబోయారు.

మా ఆయన లేచి నిలబడ్డాడు.

మరుగుదొడ్డి ఎడంపక్కనండీ అన్నారు కుమెద గారు. అందరూ నవ్వారు. ఆయన కదల్లేదు.

"ఉంచుకుంటాం," అన్నాడు.

మీ ఆవిడే కదండీ నోరు విప్పని పిల్ల కొట్టుకి దేనికి అన్నదీ అని కుమెద గారు నావైపు చూశారు. నేను పలకలేదు. మా ఆయన చాపవైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"హొనమికి గొంతు పోతుంది కదండీ, పందెం ముందు. అందరూ వచ్చి ధైర్యం చెప్తారు. వాళ్ళు ఏదో అన్నప్పుడల్లా ఆ పిల్ల బదులు చెప్పబోతుంది, రాదు, ఏడుస్తుంది. ఇత్సుమి పక్కన కూచుంటుంది, అంతే. ఏమీ అడగదు. అడిగితే ఆ పిల్ల జవాబు చెప్పాలి కదా, అందుకని."

ఆగాడు. అయిపోయిందనుకున్నాం.

"మా ఆవిడకి గొంతు ఆపరేషనైనప్పుడు నేనూ అంతే చేశాను. సరిగ్గా చేశానో లేదో ఇన్నాళ్ళూ తెలీలేదు. ఈ పిల్ల చేస్తుంటే చూశాక, పర్లేదు, తప్పు చెయ్యలేదేమో అనిపించింది. అందుకని ఉండనివ్వండి."

కూచున్నాడు. మొహం ఉడికిన పీతలా ఎర్రబడింది. ఎవరూ ఏమీ అనలేదు. మా సంఘంలో దాని అర్థం అందరికీ తెలుసు, కాబట్టి ఇత్సుమి ఉండిపోయింది. హరుయొ నా మోచేయి పొడిచి, ఏమే, నీ నోరేది అంది.

ఇంటికొచ్చి ముందు ఆ అట్టముక్క పీకి పొయ్యిలో పడేశాను. ఆయన పెరట్లో పెట్టె మీద కూచుని ఉన్నాడు. అభిమానులు వెళ్ళిపోయారు, కప్పులు కడిగి బోర్లించి మరీ. నేను వెళ్ళి నిలబడ్డాను. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, దానితోపాటే ఒళ్ళు మండుతోంది. ఆ ముల్లుతో ఇన్నేళ్ళు కాపురం చేశాను కదండీ, గొంతు వచ్చాకైనా ఈ మాట నాకు ఎందుకు చెప్పలేదు అన్నాను.

"నువ్వు అడగలేదు," అన్నాడు.

ఆయన్ని చేపతో కొట్టాలనిపించింది. కానీ ఆలోచిస్తే నిజమే. ఇన్నేళ్ళలో అన్నీ చెప్పాను, అన్నీ తిట్టాను. ఇది మాత్రం అడగలేదు.

ఇంకో పెట్టె లాక్కుని పక్కన కూచున్నాను. సరే, ఇప్పుడు అడుగుతున్నాను, ఆ రోజుల్లో మీకు ఎలా ఉండేది అన్నాను. ఆయన సముద్రం వైపు చూస్తూ ఆలోచనలో పడ్డాడు. ముందు కొట్లో ఎవరో పిలుస్తున్నారు. నేను లేవలేదు. ఆయన ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు, నేను ఆగాను.