స్నానం గంటలు

మోచేతితో నీళ్ల వేడి చూసి వరుజాన్ కళ్లు మూసుకున్నాడు. అత్తగారు హైకనూష్ ప్లాస్టిక్ పీట మీద కూర్చుని తన భుజం ఎక్కడుందో చెబుతోంది.

"కుడివైపు. ఇంకా కుడికి. అది కుళాయి, నేను కాదు."

అతను నవ్వలేదు. నడుము పట్టేసింది. ఏళ్ల తరబడి చెప్పులు కుట్టి వంకరపోయిన వేళ్లు ఆమె వీపు మీద సబ్బు రుద్దేటప్పుడు మాత్రం మెత్తబడతాయి. భార్య గయానే పోయినప్పటి నుంచీ ఈ పని అతనిదే. ముసలివాళ్లను ఇంట్లోనే కనిపెట్టుకుని ఉండేవాళ్లకు ప్రభుత్వం గంటల లెక్కన జీతమిస్తుంది. వంటకు ఇన్ని గంటలని రాశారు, బట్టలు ఉతకడానికి రాశారు. స్నానానికి రాయలేదు.

ఆ గంటలు రాసే ఆఫీసు అమ్మాయి ఇంటికొచ్చిన రోజు హైకనూష్ ముత్యాల దండ వేసుకుని కూర్చుని, "స్నానమా? నేనే చేస్తాను," అంది. అల్లుడి చేత ఒళ్లు రుద్దించుకుంటానని అమెరికాలోని ఈ గ్లెండేల్‌లో ఏ ఆర్మేనియన్ ఇల్లాలు చెబుతుంది? అతనూ తలూపాడు. ఆ తలూపుడుకి రెండేళ్ల కూలి పోయింది. ఇప్పుడు అద్దె బాకీ పడింది. ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తే ఆమెను ఏ వృద్ధాశ్రమంలోనో దింపాలి. ఆ కూలి ఇప్పించమని పెట్టుకున్న అర్జీ మీద ఇవాళ ఫోన్‌లోనే విచారణ.

తల తుడిచి కుర్చీలో కూర్చోబెట్టేసరికి ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాడు. జడ్జి అడిగిన మాటను దుబాసీ ఆర్మేనియన్‌లోకి మార్చి చెప్పింది.

"ఆవిడకి స్నానం ఎవరు చేయిస్తారు?"

వరుజాన్‌కి ఎదురుగా అత్తగారు. "పక్కింటావిడ... ఒక్కోసారి..." అని నసిగాడు.

"అబద్ధం!" హైకనూష్ ఫోన్ వైపు వంగింది. "రాసుకో తల్లీ. నా అల్లుడే చేయిస్తాడు. కళ్లు మూసుకుని చేయిస్తాడు, గాడిద. అందుకే అంతసేపు పడుతుంది. గంటలు కాస్త ఎక్కువే రాయమను."

దుబాసీ గొంతు సవరించుకుంది. "గాడిద అన్నది కూడా చెప్పనా అమ్మా?"

"అదే ముందు చెప్పు."

మొదటి నుంచీ రావలసిందంతా ఇప్పిస్తానని, ఉత్తర్వు పోస్టులో వస్తుందని జడ్జి చెప్పాడు. వరుజాన్ ఫోన్ పెట్టేశాడు.

"మీ పరువు తీశాను అత్తయ్యా."

"పోతే పోయిందిలే. నీ బాధ నాకు రానీ, నాయనా. వెళ్లి ఆ బట్టలు ఉతికి తీసుకురా."

కింద ఉతికే గదిలో, తిరుగుతున్న మిషన్ ముందు బెంచీ మీద అతనికి కునుకు పట్టింది. ఎన్నాళ్లకో పట్టిన కునుకు.

పైకొచ్చేసరికి ఆమె గడ్డం ఛాతీకి ఆనించి కూర్చుని ఉంది. నిద్రపోతోందనుకుని శాలువా కప్పాడు. కప్పుతూ చెయ్యి తాకాడు. చల్లబడిపోయి ఉంది. జుట్టు ఇంకా పూర్తిగా ఆరనేలేదు.

అతను పక్కనున్న తన కుర్చీలో కూర్చున్నాడు.

బల్ల మీద సాసరులో ఒక ఆప్రికాట్ గింజ, పక్కనే ఆమె చేత్తో చీల్చిన సగం పండు, గోటి గాట్లతో, అతని కుర్చీ వైపుకి జరిపి ఉంది.