వెనక కుండ

కాటయ్య నడక ఆపకుండానే కావడిని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. ముందు ఉట్టిలో ఒక కుండ, వెనక ఉట్టిలో ఒక కుండ, రెంటి నిండా కృష్ణలో పట్టిన చేపపిల్లలు. కుండలో నీళ్లు కదలకపోతే పిల్లలకు ఊపిరాడదు. అందుకే ఇరవై ఏళ్లుగా అతనిది సగం నడక, సగం గెంతు. ఆ అలవాటు ఒంటికి పట్టేసింది. పెళ్లిపందిట్లో కూర్చున్నా మోకాళ్లు ఊపుతూనే ఉంటాడు, పక్కవాళ్లు విసుక్కుంటారు. పొట్టి మనిషి. కావడి బద్ద ఒరిపిడికి మెడ వెనక కాయ కాచి, కాడెద్దు మెడలా నల్లబడింది.

మఠంపల్లి దగ్గరి రేవులో తెల్లవారుతూనే బయలుదేరాడు. పొద్దుగూకేలోపు మేళ్లచెరువు అవతల తమ ఊరి కుంటకు చేరాలి. ఎడమ చెయ్యి పొద్దుటి నుంచి తిమ్మిరిగా ఉంది. దులిపి చూశాడు, పోలేదు.

సగం దారిలో వాగు దగ్గర కుండలు దించి, నీళ్లు మార్చబోతూ లోపలికి చూశాడు. ముందు కుండలో పిల్లలు హాయిగా తిరుగుతున్నాయి. వెనక కుండలోవి మాత్రం ఒళ్లు దురద పెట్టినట్టు కుండ గోడకు రాసుకుంటున్నాయి. ఒకదాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. రెక్క కింద నువ్వుగింజలో సగమంత పురుగు పాకింది. చేపపేను.

పోయిన ఏడాది ఇదే వాగు దగ్గర ఇదే పురుగును చూశాడు. ఖాళీ కుండతో పోతే కులంవాళ్లు నవ్వుతారని మూతిగుడ్డ కట్టేసి నడిచాడు. దీపావళి నాటికి కుంటలో చేపలన్నిటికీ ఎర్రటి పుండ్లు లేచాయి, వెల్లకిలా తేలాయి. పన్నెండు బెస్త కుటుంబాలు ఆ ఎండాకాలం కూలికి పోయాయి. సైదమ్మ మైలతో కుంటలో దిగింది, గంగమ్మకు కోపమొచ్చింది, అన్నారు కులంవాళ్లు. సైదమ్మ కాటయ్య పెళ్లాం. అప్పటి నుంచి ఆమెను కుంట గట్టు ఎక్కనివ్వలేదు. బిందె పట్టుకుని మైలు దూరంలోని బావికి పోతోంది. అంతా తెలిసి కూడా కాటయ్య నోరు విప్పలేదు. అది పిరికితనమే, దానికి ఇంకో పేరు లేదు.

ఇప్పుడు పారబోస్తే ఎందుకని అడుగుతారు. పేను అని చెబితే నిరుటి సంగతీ బయటపడుతుంది. కాటయ్య ఒడ్డున అటూ ఇటూ తిరిగాడు. చివరికి వెనక కుండను వాగుకు దూరంగా మోసుకుపోయి ఎండిన బండ మీద వంచాడు. పిల్లలు ఎగిరెగిరి పడ్డాయి. చూడలేకపోయాడు, అయినా అన్నీ ఆగిపోయేదాకా నిలబడే చూశాడు. సద్దిమూటలోని ఉప్పుతో చేతులు రుద్ది కడుక్కుని ముందు కుండలోని పిల్లల్ని గుప్పెడు గుప్పెడుగా పరీక్షించాడు. వాటికి పేను లేదు.

ఒక్క కుండతో కావడి నిలవదు. సరిపడా బరువున్న నాపరాయిని వెతికి వెనక కుండలో పెట్టాడు.

బాట మీద మిలిటరీ జవాను ఆపాడు. నిరుడు నవాబు రాజ్యం పోయి వాళ్లు దిగినప్పటి నుంచి కనబడ్డ ప్రతి మూటా విప్పించి చూస్తున్నారు. కాటయ్య కావడితో అటూ ఇటూ ఊగుతుంటే జవాను "సీదా ఖడే రహో!" అని కసిరాడు.

"నిలవడితె పిల్లలు సస్తయి సాబ్."

జవానుకు అర్థం కాలేదు. వెనక కుండలో రాయిని చూసి "పాగల్" అని నవ్వి వదిలేశాడు.

గట్టు చేరేసరికి ఎండ వాలింది. కాటయ్య చొక్కా తడిసి ముద్దయింది, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంది. కులపెద్ద వీరయ్య కుండల్లోకి తొంగిచూశాడు.

"గీ రాయేందిరా కాటిగా?"

"పేను వట్టింది వీరన్నా. పారవోసిన." కాటయ్య ఆగి ఊపిరి తీసుకున్నాడు. "పోయినేడు గూడ వట్టింది. ఎరికుండే తెచ్చి కుంటల ఇడిసిన. సైదమ్మ తప్పేం లేదు."

వీరయ్య తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. గట్టు కింద, దూరంగా నిలబడి ఉన్న సైదమ్మను చూసి, "రా చెల్లె, నువ్వే ఇడువు" అన్నాడు.

సైదమ్మ గట్టెక్కి మొగుడి ముందు నిలబడింది.

"ఏడాది సంది నోరు లేకపాయెనా నీకు?"

ముందు కుండను చంకనెత్తుకుని ఆమె మోకాలి లోతు నీళ్లలోకి దిగింది. మెల్లగా వంచింది. పిల్లలు ఆమె కాళ్ల మధ్య నుంచి కుంటలోకి పోయాయి. ఏడాది తర్వాత తగిలిన నీళ్లు. కోపం ఇంకా పోలేదు, అయినా ఏడుపొచ్చింది.

వెనక్కి తిరిగి చూసేసరికి కాటయ్య గట్టు మీద కూర్చుని ఉన్నాడు. మోకాళ్లు ఊగడం లేదు. అందరికంటే ముందు ఆమెకే అర్థమైంది. పరుగున వచ్చి "ఏమయ్యా" అంటూ మోకాలి మీద చెయ్యి వేసి ఊపింది. ఆమె ఊపినంతసేపే అది కదిలింది.

అతన్ని ఇంటికి మోసుకుపోయాక గట్టు మీద కావడి మిగిలింది. ముందు ఉట్టి ఖాళీగా ఉంది, వెనక కుండలో నాపరాయి అట్లాగే ఉంది.