మూడు రంగుల రుజువు

ఒక రకం పటాల్లో పక్కపక్క గళ్లకు ఒకే రంగు పడకుండా నింపడానికి మూడు రంగులు చాలని సంతోషి రుజువు చేసింది. గోదావరిఖనిలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్పుకుంటూ ఏళ్ల తరబడి దానిమీదే కూర్చుంది. అలాంటి పటాలన్నిటినీ చేత్తో కొన్ని వందల ఆకారాలుగా విడగొట్టింది. ఒక్కో ఆకారాన్నీ ఆమె రాసిన ప్రోగ్రాంతో కంప్యూటరు పరీక్షించి సరేనంది.

ఆమె పీహెచ్‌డీ గైడు అనంతరామ్ మాత్రం సరేననలేదు. మంథనిలో తన ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి అడిగాడు.

"చేత్తో రాసింది నేను రెండుసార్లు చదివిన, వంక లేదు. మిషిన్ చేసింది ఎవరు చదివిన్రమ్మా? అది అవునన్నదని సంతకం పెట్టాల్నా?"

"మనిషి చదివితే తప్పు దొర్లదా సార్?"

"దొర్లుతది. కానీ ఎందుకు నిజమని మనిషిని అడగొచ్చు."

చివరికి ఒక షరతు పెట్టాడు. ఆమె ప్రోగ్రాం గానీ ఆమె ఆకారాలు గానీ చూడకుండా, ఆకారాలు విడగొట్టడం దగ్గర్నుంచి ఇంకొకరు ప్రోగ్రాం రాయాలి. రెండూ ఒకటే చెప్పాలి.

కాలేజీలో కంప్యూటర్లు చెప్పే ఉపేందర్ ఒప్పుకున్నాడు. యూనివర్సిటీకి థీసిస్ ఇచ్చే గడువు దగ్గరపడింది. ఆ మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగుకు ల్యాబు కిటికీలు అదిరాయి. అదే సమయంలో అతను తెర ముందు నుంచి తల తిప్పాడు.

"చెల్లె, నాకొక ఆకారం ఎక్కువొచ్చింది."

"నీ ప్రోగ్రాంల తప్పేమో చూడన్నా."

తప్పు లేదు. ఆమె కంప్యూటరూ తప్పు చేయలేదు, ఇచ్చినవన్నీ సరిగ్గానే చూసింది. ఈ ఆకారాన్ని ఆమే ఇవ్వలేదు. చేత్తో విడగొట్టినప్పుడే జారిపోయింది.

"ఎవరికి తెలుస్తది చెల్లె? ఊకో."

ఆమె ఆ ఆకారాన్ని కాగితం మీద గీసుకుని మంథని బస్సెక్కింది.

అనంతరామ్ కళ్లద్దాలు పెట్టుకుని, ఆ ఆకారాన్ని తను చదివిన కాగితాల పక్కన పెట్టి చూశాడు.

"చదివిన అనుకున్న. నమ్మిన, గంతే."

ఈసారి కంప్యూటరును అడగకుండా ఇద్దరూ కాగితాలు ముందేసుకుని ఆ ఆకారానికి రంగులు వేయబోయారు. ఎటు నింపినా ఒక గడి అడ్డుపడింది. కొట్టేశారు, మళ్లీ గీశారు. అది కుదరకపోతే రుజువంతా కూలినట్టే. పొద్దు వాలుతుండగా మూడు రంగులూ కుదిరాయి. ఆయన సంతకం పెట్టి, కాగితాలు చేతికిస్తూ అడిగాడు.

"ఇది నిజమే. కానీ ఎందుకు నిజమో నీకు తెలుసా?"

"తెల్వదు సార్."

"నాకూ తెల్వదు."

బస్సులో కూర్చున్నాక సంతోషపడదామనుకుంది, కానీ మనసు రాలేదు. ఒక తెల్లకాగితం తీసి మోకాలి మీద పెట్టుకుని, మిషిన్ లేకుండా మొదటినుంచి ఆలోచించడం మొదలుపెట్టింది.