రేకులన్నీ తెల్లబడ్డాయి

ఆమె చేసేది ఆర్థికశాస్త్ర పరిశోధన. కుట్టు షెడ్ల వీధిలో ఆ మాట ఎవరి నోటికీ తిరగలేదు. షెడ్డుకొకటి చొప్పున వేడిని కొలిచే చిన్న యంత్రాన్ని వేలాడదీసి వెళ్ళింది కాబట్టి, అందరికీ ఆమె థర్మామీటరమ్మ.

రేకుల మీద ఎండను తిప్పికొట్టే తెల్లపూత వేస్తే కింద కుట్టేవాళ్ళ ఆరోగ్యం, పని బాగుపడతాయా? బాగుపడితే ఆ ఖర్చు ప్రభుత్వం పెట్టుకోవచ్చా? ఆ వేసవిలో ఆమె తేల్చాల్సింది ఇదే. అందుకని షెడ్ల యజమానులను పిలిచి చీటీలు తీయించింది. సగం షెడ్లకు పూత ఈ ఏడాదే. మిగతా సగానికి వచ్చే ఏడాది. ఈలోగా రెంటినీ పోల్చి చూడాలి.

వేసవి సగమయ్యేసరికి తేడా కొట్టొచ్చినట్టు కనబడింది. పూత పడ్డ షెడ్లలో తలనొప్పులూ నాగాలూ తగ్గాయి. ఆమె సంతోషానికి పట్టపగ్గాల్లేవు. అలాంటి సమయంలో, పూత లేని ఒక షెడ్డు ఉన్నట్టుండి చల్లబడినట్టు అక్కడి యంత్రం ఆమె ఫోనుకు చూపించింది. పాడైందేమోనని కొత్తది పట్టుకుని పరుగెత్తింది.

యంత్రం నిక్షేపంగా ఉంది. పైనుంచి ఎవరిదో ఈల వినిపిస్తోంది. నిచ్చెనెక్కి చూస్తే కప్పంతా పాలలా మెరిసిపోతోంది. పక్క గోడ మీద బ్రష్షు పట్టుకుని కూర్చున్నది సాక్షాత్తూ ఆమె బావ, అక్క మొగుడు. ఆయనకు రంగుల దుకాణం ఉంది.

"బావా! ఏంటిది?"

"కనబడట్లేదా మరదలా? బేరం."

"నా నోట్లో మట్టి కొట్టారు కదా!"

"మట్టెక్కడిది, మంచి సరుకు! భోజనాల దగ్గర దీని గొప్పతనం గంటసేపు చెప్పింది నువ్వే. విని ఊరుకుంటే నేను వ్యాపారస్తుణ్ణెలా అవుతాను? ఈ వరసలో అందరూ అడుగుతున్నారు."

ఆమె మొహం కందగడ్డయింది. గబగబా దిగి, ఆ షెడ్డు యజమాని అయిన కటింగ్ మాస్టరు మీద విరుచుకుపడబోయింది. ఆయన చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"వచ్చే ఏడాదిదాకా ఆగుతానని మాటిచ్చి తప్పానండీ. పక్క షెడ్డువాళ్ళు మధ్యాహ్నం కబుర్లు చెప్పుకుంటూ కుడుతున్నారు. మావాళ్ళు కొళాయి కింద తల పెట్టి వచ్చి కూర్చుంటున్నారు. నిన్న మా ఆవిడ మిషను మీదే కళ్ళు తిరిగి పడిపోయింది. ఇంక ఆగలేకపోయానండీ."

తడి తువ్వాలు తలకు చుట్టుకున్న ఆయన భార్య, "మీరు వద్దంటే మిగతావాళ్ళు వేయించుకోరు లెండి. మేమే చెప్తాం" అంది.

నిజమే. ఆమె ఒక్క మాటంటే మిగతా కప్పులు అలాగే ఉండిపోతాయి, పోలిక నిలబడుతుంది. ఆ తడి తువ్వాలు చూస్తూ ఆ మాట అనడానికి ఆమెకు నోరు రాలేదు.

"వేయించుకోండి. నా తంటాలు నేను పడతాను" అంది.

తంటాలంటే ప్రొఫెసరు గారే. ఎవరేం చెప్పినా "రుజువేది?" అంటాడని విద్యార్థులు చాటుగా ఆయన్ని రుజువేది సారు అంటారు. జరిగిందంతా చెప్పి, చివాట్లకు సిద్ధపడి నిలబడింది.

"ఇప్పటిదాకా కొలిచింది?"

"దానికేం కాలేదు సార్."

"అయితే పోలిక ఎప్పుడాగిందో, ఎందుకాగిందో మొదటి పేజీలోనే రాసెయ్. తర్వాత?"

"తర్వాతది వేరే ప్రశ్న సార్. సొంతంగా ఎవరు వేయించుకుంటారు, ఎవరు వేయించుకోరు?"

రుజువేది సారు నవ్వాడు. ఆయన పళ్ళు ఆమె చూడడం అదే మొదలు.

వేసవి ముగిసేసరికి వీధి వీధంతా తెల్లబడింది, చివరన, చీటీల్లో ఈ ఏడాది పూత రాని అద్దె షెడ్లు తప్ప. వాటి యజమానులు ఆ కప్పుల కింద కూర్చోరు. కింద కూర్చుని కుట్టే ఆడవాళ్ళకు కప్పు సొంతం కాదు. ఎవరి మటుకు వాళ్ళు మనకెందుకులే అనుకున్నారు.

కార్మిక శాఖ సమావేశంలో ఆమె ఇదంతా దాపరికం లేకుండా చెప్పింది.

"అంటే ప్రయోగం చెడిపోయిందన్నమాట" అంది పెద్ద అధికారిణి.

"సగంలో ఆగిందండీ. చెడగొట్టింది మా బావే."

గదంతా ఘొల్లుమంది. అధికారిణి మాత్రం వదల్లేదు. "ఆ చల్లదనం పూతదేనని ఎలా చెప్తారు? అవి మొదట్నుంచీ మంచి షెడ్లేమో."

"ఎవరికి ముందో చీటీలు తేల్చాయి. మేం ఏరలేదండీ. పూత పనిచేస్తుందని సగం వేసవిలోనే తేలింది. కొనగలిగినవాళ్ళు మీకోసం ఆగరని మిగతా సగంలో తేలింది. సాయమేదో అద్దె షెడ్లకు చేయండి."

చేశారు. వానలు వెలిశాక వీధి చివర నిచ్చెనలు లేచాయి. అయితే పరిశోధన మరదలిది కాబట్టి సరుకు బావ దుకాణంలో కొనకూడదని ఆమే పట్టుబట్టింది. అక్క పడీ పడీ నవ్వింది. బావ అలిగాడు. అలిగినా చూడ్డానికి వచ్చి, రోడ్డు మీద నిలబడి వంకలు పెట్టడం మొదలుపెట్టాడు.

"అంచులు వదిలేస్తున్నాడు చూడు! అదేం పూయడం?"

కాసేపటికి తట్టుకోలేక చొక్కా చేతులు మడిచి నిచ్చెనెక్కాడు.

"ఊరికే చేస్తున్నారా బావా?" అని ఆమె కిందినుంచి అరిచింది.

"మాట్లాడకుండా ఆ బకెట్ అందించు మరదలా."

ఆమె నవ్వుతూ బకెట్ ఎత్తింది.