హెడ్లీ మంచితనం

తెల్లని పొడి నీళ్ళలో దిగుతోంది.

రొట్టె పొడి. పిడికిట్లో నొక్కి ఉసిరికాయంత ఉండ చేసి విసిరితే, బుడుంగున పడి, పడ్డచోటే విచ్చుకుని, కాలవ నీటిని కాస్త తెల్లబరిచి, మెల్లగా... మెల్లగా అడుగుకు పోతుంది. ఆ తెలుపులోకి రోచ్ చేపలు వస్తాయి. ఎర్రకళ్ళ చేపలు. అరచేతిలో ఇమిడే వెండి చేపలు. తొందర లేనివాళ్ళకే అవి దొరుకుతాయి.

నాకు తొందర లేదు.

నాకున్నది అనుమానం.

ఇవాళ బుధవారం. ఇరవై ఆరేళ్ళుగా బుధవారమంటే నేనూ, హెడ్లీ, ఈ కాలవగట్టు, ఒక తెల్లరొట్టె. కారు హెడ్లీది, నడిపేదీ అతనే. ఫ్లాస్కు నాది. గట్టు మీద మేం కూర్చునే చోట్లు రెండు, పది అంగల దూరంలో. వంపు దగ్గర, ముళ్ళపొద ఎదురుగా ఉన్నది మంచి చోటు. వంతెన పక్కన చలిగాలి కొట్టేది చెడ్డ చోటు. టోపీలో రెండు అగ్గిపుల్లలు వేసి తీస్తాం. పొడుగు పుల్ల వచ్చినవాడిది వంపు. పొట్టి పుల్ల వచ్చినవాడు రోజంతా వెక్కిరింపులు పడాలి.

ఇరవై ఆరేళ్ళలో హెడ్లీ ఒక్కసారి కూడా వంపు నాకు ఊరికే వదల్లేదు. నాకు నడుం ఆపరేషన్ అయిన ఏడు కూడా వదల్లేదు.

ఇవాళ టోపీ తియ్యనే లేదు.

“వంపు దగ్గర నువ్వు కూర్చోరా సిరిల్. నాకెక్కడైనా ఒకటే,” అన్నాడు.

ఎక్కడైనా ఒకటే!



ఇంగ్లండంతా ఏమోగాని, ఈ లాంకషైర్‌లో మంచిమాట ఎవరూ ఊరికే అనరు. ఇష్టం ఉంటే తిడతారు. బాగా ఇష్టం ఉంటే నలుగురిలో తిడతారు. మా నాన్న పోయే ముందు వారం రోజులు వీధి వీధంతా ఆయనతో మర్యాదగా మాట్లాడింది. కసాయి కొట్టతను టోపీ తీసి పలకరించాడు. ఆ సాయంత్రమే మా నాన్నకు సంగతి అర్థమైంది. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అందుకే నాకు మర్యాదంటే భయం.

పది రోజుల క్రితం నా ఛాతీకి ఎక్స్‌రే తీశారు. దగ్గు తగ్గలేదని. ఉత్తరం వస్తుందన్నారు. రాలేదు. ఆ డాక్టరు గది ముందు బల్ల దగ్గర కూర్చునేది ఎవరు? జెనైన్. హెడ్లీ మేనకోడలు. దాని నోట్లో నువ్వుగింజ నానదు.

ఇంక నేను వేరే ఆలోచించాలా?

నేను రొట్టెముక్క తీశాను. అంచులు కోసేసి, అరచేత్తో కొద్దిగా అదిమి, చిన్న ఇత్తడి గొట్టంతో నొక్కాను. బఠాణీగింజ కన్నా చిన్న బిళ్ళ వచ్చింది. దాన్ని గాలం ముల్లుకు గుచ్చాను. గట్టిగా పట్టుకుంటే పిండైపోతుంది, వదులుగా పట్టుకుంటే జారిపోతుంది. ఎర నీళ్ళలోకి దిగింది. బెండు నిలబడింది. దాని ఎర్రని కొస మాత్రం నీటి పైన — అగ్గిపుల్ల తలంత.

చూస్తూ కూర్చున్నాను.

బెండు ఒక్క వెంట్రుకవాసి దిగింది. లాగాను. చేప!

ఎర్రకన్ను నన్ను చూసింది. నేను దాన్ని నీళ్ళలో వేలాడే వలసంచిలోకి జార్చాను.

“బాగా పట్టావురా,” అన్నాడు హెడ్లీ.

బాగా పట్టావట! వీడి నోటి నుంచి! మామూలుగా అయితే ఏమనేవాడో నాకు తెలుసు. “దానికి చావాలనిపించి నీ గాలం వెతుక్కుందిరా” అనేవాడు. “మీ ఆవిడ మేవిస్ లాగే, దానికీ వేరే దారి దొరకలేదు” అనేవాడు.

అతి వినయం ధూర్త లక్షణం అంటారు. మరి అతి మంచితనం?

పొద్దుటి నుంచి జరిగినవన్నీ ఒక్కొక్కటిగా నెమరేసుకున్నాను.

కారు నత్తలా నడిపాడు. ఎప్పుడూ గంతులు వేయించే మనిషి. శవాన్ని తీసుకెళ్ళే బండైనా అంతకంటే వేగంగా పోతుంది. నా ఛాతీ కుదపకూడదని... అంతేగా?

రెండు చక్రాలు గడ్డిలోకి ఎక్కించి, గట్టుకు బాగా దగ్గరగా ఆపాడు. నేను నడవనక్కరలేదని. అంతేగా?

ముల్లు కట్టిపెట్టమని నన్ను అడిగాడు. “వేళ్ళు కొంకర్లు పోతున్నాయిరా” అన్నాడు. పోయేవాడికి ఏదో ఒక పని చెప్పి, ఇంకా పనికొస్తున్నావని నమ్మించడం. నాకు తెలియదా? మా నాన్నకు నేనూ అలాగే బూట్లు తుడిచే పని చెప్పాను.

రాత్రి మేవిస్ మాంసం కూరి కాల్చిన రొట్టె రెండో ముక్క అడక్కుండానే వడ్డించింది. నలభై నాలుగేళ్ళ కాపురంలో అడక్కుండా రెండో ముక్క!

అందరికీ తెలుసు. నాకు తప్ప అందరికీ...

పొగమంచులోంచి ఒక పడవ వచ్చింది. పొడుగాటి సన్నపడవ. చుక్కాని దగ్గర జడ వేసుకున్న గడ్డపాయన నిలబడి ఉన్నాడు. గడ్డం పొట్ట దాకా ఉంది.

“ఏంటమ్మాయ్, ఇంత చలిలో బయల్దేరావ్?” అన్నాడు హెడ్లీ.

గడ్డపాయన పకపకా నవ్వాడు. హెడ్లీ కూడా నవ్వాడు, ఒక క్షణం ఆలస్యంగా. నన్ను నవ్వించడానికే ఈ వేషాలన్నీ అనుకున్నాను. నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది.

పడవ పోయింది. నీళ్ళు ఊగి ఊగి సద్దుకున్నాయి. మళ్ళీ రొట్టెపొడి విసిరాను. మళ్ళీ తెలుపు దిగింది. మళ్ళీ ఎర్రకళ్ళు వచ్చాయి.

నాకు పద్నాలుగు చేపలు. హెడ్లీకి మూడు.

వలసంచి బరువెక్కుతున్నకొద్దీ నా మనసూ బరువెక్కింది. గెలుస్తున్నాను. కాదు, గెలిపిస్తున్నారు. కళ్ళలో ఒత్తులు వేసుకుని అతని బెండునే చూడడం మొదలుపెట్టాను. నా ఛాతీ సంగతేమో గాని, కళ్ళు మాత్రం గద్దకళ్ళు.

అతని బెండు దిగింది.

హెడ్లీ లాగలేదు.

బెండు పైకొచ్చింది. మళ్ళీ దిగింది... పూర్తిగా మునిగింది. పక్కకి జరుగుతూ పోయింది. పసిపిల్లాడైనా లాగేవాడు. హెడ్లీ కదల్లేదు. ప్రశాంతంగా కూర్చున్నాడు, ముఖాన చిన్న నవ్వుతో.

నాలో ఏదో తెగిపోయింది.

“చెప్పెయ్యరా!” అని అరిచాను. “జెనైన్ ఏం చెప్పింది నీకు? ఎన్ని నెలలంట?”

“ఏం నెలలు?”

“నా ఎక్స్‌రే! నాకు తెలీదనుకున్నావా? వంపు ఇచ్చావ్. మెచ్చుకున్నావ్. వచ్చిన చేపను వచ్చినట్టే వదిలేస్తున్నావ్. నా మీద జాలిపడుతున్నావురా, సిగ్గులేని ముసలోడా!”

హెడ్లీ నోరు తెరిచి నావైపు చూశాడు. తర్వాత నవ్వాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు.

“నీ ఎక్స్‌రేనా? ఓరి పిచ్చి సన్నాసీ! ఆ పిల్ల నాతో మాట్లాడి రెండు నెలలైంది. వాళ్ళమ్మతో గొడవలో నేను తలదూర్చానని. నీ ఊపిరితిత్తుల గురించి ఎవడిక్కావాల్రా? నువ్వు చస్తే నీ గాలం కర్ర నాకొస్తుందని తప్ప!”

అబ్బా... ఎంత హాయి ఆ మాట! వేడి టీ దిగినట్టు దిగింది లోపలికి. నేను బతుకుతాను అనుకున్నాను. వీడు తిట్టాడు, ఇంక నాకు చావు లేదు.

అయితే మరి...

“మరి చేప పడితే లాగవేంరా?”

నవ్వు ఆగింది.

“ఏ చేప?”

“ఇప్పుడు కూడా మునిగింది. చూడు. నీ బెండు చూడు!”

“చూస్తూనే ఉన్నా కదా. కదల్లేదు.”

అతను చూస్తున్నవైపు చూశాను. బెండు ఇటు ఉంది, గట్టుకు దగ్గరగా, వణుకుతూ. హెడ్లీ చూపు అటు ఉంది. మూడడుగుల అవతల నీటి మీద ముళ్ళపొద నుంచి రాలిన ఎర్రపండు ఒకటి తేలుతోంది. గింజంత పండు. మెల్లగా, చాలా మెల్లగా కొట్టుకుపోతోంది.

దాన్నే చూస్తున్నాడు. నమ్మకంగా. ఓపికగా. ఎప్పుడు మునుగుతుందా అని.



పొద్దుటి నుంచి జరిగినవన్నీ తిరగబడి నా ముందు నిలబడ్డాయి. నత్తనడక. గడ్డిలోకెక్కిన చక్రాలు. కట్టుకోలేని ముల్లు. జడలోంచి పుట్టిన అమ్మాయి. ఎక్కడైనా ఒకటే అన్న మాట...

జాలి కాదు. మంచితనం కాదు. నేను నా చావు తప్ప ఇంకేదీ చూడలేదు. ఇద్దరిలో గుడ్డివాణ్ణి నేనే అనుకుంటే సిగ్గేసింది.

సిగ్గు తర్వాత భయం వచ్చింది.

వీడు ఈ కళ్ళతో నన్ను ఇక్కడికి తీసుకొచ్చాడు. ఈ కళ్ళతోనే తిరిగి తీసుకెళతాడు. చర్చి మలుపులో బడి ఉంది. మేం బయల్దేరే వేళకే పిల్లలు రోడ్డు దాటుతారు. పొగమంచు ఇంకా విడలేదు.

చెబితే? వీడికి కారు పోతుంది. కారు పోతే బుధవారం పోతుంది. భార్య పోయాక వీడికి మిగిలింది ఈ రెండే.

చెప్పకపోతే...

ఇంకో గంట కూర్చున్నాం. ఇద్దరికీ చేపలు పడలేదు. నేను రొట్టెపొడి విసరడం మానేశాను. నీళ్ళు తేటపడ్డాయి.

వలసంచులు కాలవలోకి వంచాం. చేపలు మెరిసి, చెదిరి, వెళ్ళిపోయాయి. సామాను సర్దుకుని కారు దగ్గరికి నడిచాం. హెడ్లీ జేబులోంచి తాళాలు తీశాడు.

“ఇలా ఇయ్యి. నేను నడుపుతా,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మెత్తగా.

అతను ఆగిపోయాడు.

“ఎందుకు?”

“ఊరికే. నువ్వలిసిపోయావు కదా.”

“ఇరవై ఆరేళ్ళలో ఎప్పుడైనా అడిగావా?” పిడికిలి బిగించాడు. “ఎవరేం చెప్పార్రా నీకు? కళ్ళద్దాల షాపువాడా? మేవిస్‌కి ఏమైనా తెలిసిందా?”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు... కళ్ళ మాట నేను ఎత్తనే లేదు. అతని ముఖం చూశాను. పొద్దుట నా ముఖం ఎలా ఉండి ఉంటుందో అప్పుడు తెలిసింది. నా మెత్తదనం అతన్ని భయపెడుతోంది. ఇంకొక్క మంచిమాట అంటే వీడు ఇంటికెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంటాడు.

మాకు తెలిసిన దారి ఒక్కటే.

“నీకు కళ్ళు కనపడవురా, గుడ్డి గాడిదా!” అన్నాను. గట్టిగా. గట్టంతా వినబడేలా. “నువ్వు నడిపితే ఆ పిల్లల్ని గుద్దేస్తావ్. తాళాలు ఇటు తగలెయ్యి.”

ఇలాంటివి వీడిని వెయ్యి అని ఉంటాను. ప్రతిదానికీ అంతకు రెట్టింపు తిరిగొచ్చేది.

ఎదురుచూశాను.

దూరంగా బడిగంట మోగింది. హెడ్లీ పెదాలు కదిలాయి. తిట్టు రాలేదు. 

తాళాలు నా చేతికివ్వలేదు. కారు పైకప్పు మీద పెట్టాడు. పొగమంచుకు తడిసిన రేకు మీద అవి చిన్నగా చప్పుడు చేశాయి.

తర్వాత కారును అరచేత్తో తడుముకుంటూ పక్కసీటు వైపు నడిచాడు. దీపం... అద్దం... తలుపు. పిడి దొరకలేదు. మళ్ళీ తడిమాడు.

నేను వెళ్ళి తలుపు తియ్యలేదు.

“త్వరగా ఏడువు,” అన్నాను. పైకప్పు మీది తాళాలు అందుకున్నాను.