అభ్యంతరం రాని ఫైలు

మా నగరపాలక కార్యాలయంలో పటాలకు రంగులు వేసేది నేను. ఇళ్లకు పసుపు, దుకాణాలకు ఎరుపు, తోటలకు ఆకుపచ్చ. ఇరవై రెండేళ్లుగా అదే పని. అందుకే ఆఫీసులో అందరూ నన్ను రంగులాయన అంటారు. నగరం సొంత స్థలానికి ఎరుపు పడిందంటే, ఇక అది వేలానికి వెళ్లినట్టే.

రైలు పట్టాల పక్కన నగరానికి ఎకరం స్థలం ఉంది. అందులో మా అక్క మొక్కలు పెంచి అమ్ముతుంది. బావ పోయాక కౌలు తన పేరు మీదకు మార్పించుకుని ఒంటిచేత్తో నడుపుతోంది. నన్ను చదివించింది ఆ మొక్కలే. సంచుల్లో ఉన్నవాటిని ఎక్కడికైనా మోసుకుపోవచ్చు. కానీ అంట్లు కట్టేది బావ నాటిన తల్లి చెట్ల నుంచి. నిమ్మ, దానిమ్మ, జామ, అన్నీ కలిపి నలభై. వాటిని పెకలించి ఇంకోచోట పెడితే బతకవు. అవి లేకపోతే అక్కకు బతుకుతెరువే లేదు.

వేసవి మొదట్లో ఆ స్థలం గేటుకు నోటీసు అంటించారు. ఆకుపచ్చ నుంచి ఎరుపుకు మార్చి అమ్మాలని ప్రతిపాదన, అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లోగా రాసి ఇవ్వాలి. అక్క ఆ సాయంత్రమే నాలుగు పేజీలు రాసుకుని మా ఇంటికి వచ్చింది.

"రేపు ఇచ్చెయ్యనారా?" అంది.

"వద్దక్కా. కొరివితో తల గోక్కుంటావా? అభ్యంతరం వచ్చిన ఫైలే పైకి లేస్తుంది. పదిమంది చూస్తారు, పదిమందీ స్థలం మీద కన్నేస్తారు. ఏ కాగితమూ రాని ఫైలు బీరువాలో హాయిగా నిద్రపోతుంది. పదేళ్లుగా పడుకున్నవి నేనే చూశాను."

"మరి నోటీసులో అలా రాశారేంట్రా?"

"రాస్తారు. లోపల నేనున్నాను కదా, నా మాట విను."

విన్నది. ఆ పూట నాకు ఎంత గర్వంగా అనిపించిందో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. చిన్నప్పటి నుంచి అక్క చేత చేయించుకున్నవాడిని, మొదటిసారి తనకు నేను ఏదో చేస్తున్నాననుకున్నాను. పెద్ద మొనగాణ్ణి మరి!

గడువు ముగిసిన వారానికి కొత్త కమిషనర్ వచ్చారు. అభ్యంతరాలు లేని ఫైళ్లు తేలిగ్గా తేలిపోతాయి, వాటినే ముందు సభలో పెట్టమన్నారు. బీరువాలోంచి మొదట బయటికి వచ్చింది అక్క ఫైలే.

సభ రోజు పటాన్ని గోడకు తగిలించి, చేతిలో కర్రతో దాని పక్కన నిలబడ్డాను. అక్కకు మాట్లాడటానికి రెండు నిమిషాలు ఇచ్చారు. తల్లి చెట్ల గురించి చెప్పింది, ఏ చెట్టు ఏ సంవత్సరం నాటారో కూడా చెప్పింది. గొంతు వణకలేదు.

అధ్యక్షుడు శ్రద్ధగానే విన్నారు. "బాగా చెప్పారమ్మా. ఇంత తెలిసినవారు ఆ నెల రోజులూ ఏం చేశారు? ఒక్క కాగితం ఇచ్చి ఉంటే విచారణ జరపకుండా మేం ముందుకు వెళ్లేవాళ్లం కాదు. ఎవరైనా ఇవ్వొద్దన్నారా? అలాంటిదేమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి, ఫైలు వెనక్కి పంపిస్తాను."

అక్క నా వైపు చూడనైనా చూడలేదు.

"ఎవరూ అనలేదండీ. నేనే బద్ధకించాను. నాది మొద్దుబుర్ర" అంది.

వెనక ఎవరో నవ్వారు. నేనే వద్దన్నానని ఒక్క మాట అంటే చాలు. నా ఉద్యోగం పోయేది, ఆ చెట్లు నిలిచేవి. మాట పెదవుల దాకా వచ్చిందని చెప్పుకుంటే అబద్ధం, గొంతు దాకా కూడా రాలేదు.

"సరే. స్థలం ఎక్కడుందో సభ్యులకు మరోసారి చూపించండి" అన్నారు అధ్యక్షుడు.

కర్ర ఎత్తి చూపించాను. సభ్యుల చేతులన్నీ లేచాయి.

పటం చుట్టుకుని బయటికి వచ్చేసరికి అక్క మెట్ల దగ్గర నా కోసమే నిలబడి ఉంది. తిడుతుందేమో అనుకున్నాను, తిట్టాలనే కోరుకున్నాను. దగ్గరికి వచ్చి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, మెల్లగా అడిగింది.

"నీ ఉద్యోగానికేం ఇబ్బంది లేదు కదరా?"