రెండో కుర్చీ

"కూర్చోవడం కూడా ఒక పనేనా?" అంది అత్తగారు.

కోడలు తన భర్త చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తోంది. ఆదివారం మధ్యాహ్నం అది ఆమె వంతు. ఆ చొక్కా తొడుక్కుని ఆయన చర్చి సంఘంలో యువకులకు పాఠం చెబుతాడు. ఆమె కూడా వెళ్తుంది, ఆయన వెనకాలే, టీ గ్లాసుల సంచి మోసుకుంటూ.

"వాడు చెప్తాడు, పిల్లలు వింటారు. మధ్యలో నువ్వెందుకు? ఇంట్లో గిన్నెలన్నీ అలాగే వదిలేసి అక్కడికెళ్లి కుర్చీకి కాపలా కాయడానికా?"

ఆమె నవ్వి కాలరు రెండోవైపు తిప్పింది. మామూలుగానైతే ఆ మాట అక్కడే మర్చిపోయేది. కాని వారం రోజులుగా ఆమెకు తిన్నది ఒంటికి పట్టడం లేదు. కారణం ఆ కుర్చీయే.

యువజనుల పని ఆయనకు అప్పగించిన రోజున పాస్టరుగారు ఒక నియమం పెట్టారు. పిల్లలున్న చోట పెద్దవాళ్లు ఇద్దరుండాలి. తలుపు తీసే ఉండాలి. ఏ పిల్లతోనైనా, పిల్లాడితోనైనా ఒక్కరే ఉండిపోకూడదు. మరి రెండోవాళ్లెవరని అడిగితే అందరికీ ఉద్యోగాలు గుర్తొచ్చాయి. "మా ఆవిడ ఉందిగా, ఇంట్లో ఉండేదే" అన్నాడాయన. ఇంట్లో ఉంటూ ఆమె ఊరందరి బట్టలు కుడుతుందని అప్పుడెవరికీ తట్టలేదు, ఆమెతో సహా. అలా గది మూలనున్న రెండో కుర్చీ ఆమెదైంది. గది ఊడవడం, చాపలు పరవడం, టీ పెట్టడం, గ్లాసులు కడగడం, మిగిలిన టైములో కూర్చోవడం. పిల్లలు "రెండో కుర్చీ ఆంటీ వచ్చేసింది, ఇక మొదలెట్టొచ్చు" అని నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది.

ఆయన బాగా చెబుతాడు, అందులో మాటే లేదు. పక్క సంఘాల నుంచి నేర్చుకోవడానికి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి పిల్లల్ని ఎలా నడిపించాలో నేర్పుతాడు. "ముందు వినండి, తర్వాత చెప్పండి. మీరు చేయనిది వాళ్లను చేయమనకండి. నలుగురిలో ఎవర్నీ సిగ్గుపరచకండి. మీరెంత నమ్మకస్తులైనా సరే, తలుపు తీసి ఉంచండి. నియమం అంటే అనుమానం కాదు, కాపలా." ఆ మాటలు వింటుంటే మూలన కూర్చున్న ఆమెకు గర్వంగా ఉండేది. సిగ్గుపరచకండి అన్న ముక్క తనదే. ఒకసారి ఆయన నత్తి ఉన్న కుర్రాణ్ణి అనుకరించి అందర్నీ నవ్విస్తే, ఇంటికొచ్చాక కూర తిప్పుతూ ఆమె ఆ మాట అంది. అది ఎవరు అన్నారో ఆయనకు గుర్తులేదు. పోనీలే, పిల్లలకు చేరింది కదా అనుకుంది.

పోయిన ఆదివారం పాఠం అయిపోయాక ఆయన ఒక పిల్లను ఆగమన్నాడు. ఆ పిల్ల పొడుగు చూసి అందరూ నిచ్చెన అని పిలుస్తారు. గలగలా మాట్లాడే పిల్ల, కొన్నాళ్లుగా నోరు విప్పడం లేదు. "ఈ అమ్మాయితో కాస్త మాట్లాడాలి. నువ్వెళ్లి టీ పెట్టు" అన్నాడు. ఆమె వెళ్లింది. ట్రే పట్టుకుని తిరిగొచ్చేసరికి తలుపు వేసి ఉంది. మోచేత్తో తోసింది. నిచ్చెన కళ్లు తుడుచుకుంటోంది.

"గాలికి మూసుకుంది" అన్నాడాయన. కిటికీ పరదా కదలకుండా వేలాడుతోంది.

తర్వాత గ్లాసులు కడుగుతుంటే ఆ పిల్ల వచ్చి పక్కన నిలబడింది.

"ఆంటీ, వచ్చేవారం మీరు వెళ్లకండి."

"ఎక్కడికే?"

"టీకి." కుళాయి చప్పుడులో సగం మాటలు కలిసిపోయేంత మెల్లగా చెప్పింది. "రాత్రిళ్లు ఫోన్లో ఏ అబ్బాయితో మాట్లాడతావు, ఏం మాట్లాడుకుంటారు, అన్నీ విడమర్చి చెప్పమంటారు. ఏమీ లేదంటే నమ్మరు. చెప్పకపోతే మా నాన్నకి చెప్తారంట. నాన్నకి తెలిస్తే చదువు మాన్పిస్తాడు ఆంటీ."

ఆ వారమంతా ఆమె మిషను ముందు కూర్చుంటే సూది ఒకచోట, మనసు ఒకచోట. ఆయన చెడ్డవాడా? కాదు. తనకు జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసే మనిషి. మరి ఆడపిల్ల చేత అవన్నీ చెప్పించుకోవడం ఎందుకు? ఆ పిల్ల మంచికే అయితే తలుపు ఎందుకు? పోనీ పాస్టరుగారితో చెబుదామా? నువ్వేం చూశావమ్మా అంటారు. తలుపు చూశానండీ అనాలి. తలుపు చూసి మొగుణ్ణి బజారుకీడ్చిందని రేపు అత్తగారే అంటుంది. ఒకరోజు భోజనాల దగ్గర ధైర్యం చేసి, "ఆ పిల్లతో మాట్లాడేటప్పుడు నన్నూ ఉండనివ్వొచ్చుగా" అంది. ఆయన చెంచా కింద పెట్టాడు. "నీకు నా మీద అనుమానమా?" ఆమె వెంటనే లేదనేసింది. అంట్లు తోముతుంటే ఒక సంగతి మెల్లగా తెలిసొచ్చింది. ఆయన తప్పు రుజువయ్యేదాకా తాను నోరెత్తకూడదంటే, అప్పటికి ఆ పిల్లకు జరగాల్సింది జరిగిపోయుంటుంది. అందాకా ఎవరూ ఆగక్కర్లేకుండా ఉండాలనే కదా ఆ కుర్చీ వేశారు.

ఇవాళ ఆయన ఏం పాఠం చెప్పాడో ఒక్క ముక్క ఆమె చెవిన పడలేదు. ప్రార్థన అయింది. పిల్లలు చెప్పులు వెతుక్కుంటూ, ఒకర్నొకరు తోసుకుంటూ వెళ్లిపోయారు.

"నిచ్చెనా, నువ్వుండు" అన్నాడాయన. ఇటు చూడకుండానే, "టీ" అన్నాడు.

ఆ పిల్ల ఆమెను చూడలేదు. తలుపును చూసింది.

ఆమె అలవాటుగా లేచింది. అలవాటుగానే తలుపు దాకా నడిచింది. దాన్ని గోడకు ఆనేదాకా తెరిచి, గ్లాసుల సంచి అడ్డం పెట్టింది. వెనక్కి వచ్చి మూలనున్న కుర్చీని నేల మీద బరబరా ఈడ్చుకుంటూ తెచ్చి, ఆ పిల్ల పక్కన వేసుకుని కూర్చుంది.

"ఏంటిది?"

"ఆ మూలకి సరిగ్గా వినపడటం లేదండీ."

ఆయన గొంతు తగ్గించాడు. "అయితే అనుమానమే అన్నమాట."

"నియమం అంటే అనుమానం కాదని మీరే చెప్పారు. తలుపు తీసే ఉండాలనీ మీరే చెప్పారు."

"ఇంటికెళ్లాక మాట్లాడదాం."

"మాట్లాడదాం. పాస్టరుగారి దగ్గర కూడా మాట్లాడదాం."

ఆమె చేతి మీద చల్లగా ఏదో తగిలింది. ఆ పిల్ల వేళ్లు. ఇంటి దగ్గర ఏమవుతుందో ఆమెకు తెలియదు. ఆయన గడియారం వంక చూశాడు, తలుపు వంక చూశాడు, చివరికి ఆయనకు ఆ ఒక్క మాటే దొరికింది.

"మరి టీ ఎవరు పెడతారు?"

"ఇవాళ టీ లేదండీ" అంది ఆమె. "నేను పనిలో ఉన్నాను."